జానకీబాయి రక్తం, మనోరమ సకినాలు

ఆ పొద్దున జానకీబాయి పని ఒక్కటే. ఎదురింటి మనోరమ కొడుకు పెళ్లికి బియ్యప్పిండి సకినాలు ఏ రోజు చుట్టాలో మాట్లాడి రావాలి. హుజూరాబాద్‌లోని ఆ వాడలో ఏ పెళ్లయినా మొదటి సకినం ఆమె చేతిదే. చెప్పుల్లో కాలు పెట్టిందో లేదో, భర్త దయాకర్‌రావు కాగితం ఊపుకుంటూ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. వేళ్లు నొప్పిగా ఉన్నాయంటే మొన్న ఆమె రక్తం హైదరాబాద్ పంపించారు. దాని ఫలితమది.

"నీ రక్తంల యాంటీబాడీలు దొరికినయట! బయటి రోగాన్ని కొట్టేటియి సొంత ఒంటినే కొడుతయట. ల్యాబు ముత్యం చెప్పిండు."

"నాకేం రోగం? వేళ్లు జర గుంజినయి, గంతే."

"నీకేం ఎరుక? ఇగ ఎండకు పోవద్దు. కారం తినద్దు. పిండి ముట్టద్దు."

డాక్టరు ఇంకా ఆమె ముఖమే చూడలేదు. పథ్యం మాత్రం అమల్లోకి వచ్చేసింది. ఇదెక్కడి న్యాయం!

దయాకర్‌రావు అంతటితో ఊరుకున్నాడా? హోటల్లో చాయ్ తాగుతూ నలుగురికీ చెప్పాడు. మాట వాడ చేరేసరికి అదొక అంటురోగమైంది. జానకీబాయి పంచిన మామిడి తొక్కు పచ్చడి గిన్నెలు మూత కూడా తీయకుండా తిరిగొచ్చాయి. సాయంత్రం మనోరమ గడప బయటే నిలబడింది.

"వదినా, ఈసారి నువ్వు రెస్టు తీసుకో. పదిమంది తినేటియి గదా..."

"నా చెయ్యి తాకితే సకినాలకు రోగమొస్తదా?"

మనోరమ కొంగు సర్దుకుంటూ వెళ్లిపోయింది. జానకీబాయికి దుఃఖం, కోపం రెండూ కలిసి వచ్చాయి. ఎన్ని పెళ్లిళ్లకు నడుము విరిగేలా కూర్చుంది ఈ వాడలో! ఆ కోపమంతా మొగుడి మీదకు మళ్లింది.

"మంచిగున్నోళ్ల రక్తంల ఏముంటదో ఎవలన్న చూసిన్రా? మీరు గూడ ఇయ్యుండ్రి!"

"నాకేం ఫికర్? నా రక్తం మేలిమి బంగారం," అంటూ దయాకర్‌రావు వెంటనే చొక్కా చెయ్యి మడిచాడు.

ఆ ఫలితం కూడా వచ్చాక ఇద్దరూ కరీంనగర్‌లో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన కీళ్లు నొక్కి, చర్మం చూసి, మూత్రం పరీక్ష చేయించి అడిగాడు.

"అమ్మా, ఈ మధ్య చేతులతోని ఏం పని చేసిన్రు?"

"మూడు పెళ్లిళ్ల సకినాలు చుట్టిన, సార్."

"గీ మాట ముందుగాల ఎవ్వలడగలేదా?"

"రక్తాన్ని అడిగిన్రు. నన్నడగలే."

డాక్టరు నవ్వాడు. "గీ యాంటీబాడీలు రోగం లేనోళ్లకు గూడ కొద్దికొద్దిగ ఉంటయమ్మా. వాపు, మచ్చలు, జ్వరం అసుంటియి ఉంటెనే ఈ పరీక్షకు విలువ. మీకు ఒక్కటి గూడ లేదు. వేళ్లకు జర ఆరాం ఇచ్చి, మల్ల సకినాలు చుట్టుకోండ్రి. ఇది ఒకల నుంచి ఇంకొకలకు అంటేది గాదు."

ఆ మాట ఆమె చీటీ మీద రాయించుకుంది. డాక్టరు రెండో కాగితం తీశాడు.

"ఈ దయాకర్‌రావు ఎవలు? ఈయనకు మీకంటె ఎక్కువున్నయి."

దయాకర్‌రావు ముఖం పాలిపోయింది. "పరేషాన్ గాకుండ్రి, మీకు గూడ రోగం లేదు," అన్నాడు డాక్టరు. ఆ చివరి మాటను మాత్రం జానకీబాయి కరీంనగర్ బస్టాండులోనే వదిలేసి వచ్చింది.

చీటీ చూశాక మనోరమ తలవంచుకుని పిలుపుకు వచ్చింది. మొదటి సకినం జానకీబాయే చుట్టింది. పనయ్యాక మనోరమ పళ్లెం నింపి, "అన్నకు తీస్కపో వదినా," అంది.

"ఆయనకెందుకు? ఎండకు పోవద్దు, కారం తినద్దు, పిండి ముట్టద్దు."

"అయ్యో! డాక్టర్ సాబ్ చెప్పిండా?"

"లేదు. పథ్యం ఆయన చెప్పిందే."