బాషా నడుము, జీనత్ చీపురు

జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డుమీద వెళ్లే ఎవరికైనా బాషా పరుపుల కొట్టు బోర్డు మొన్నటిదాకా కనపడకుండా ఉండేది కాదు. బోర్డుమీద బాషా నడుంమీద చేతులేసుకుని నవ్వుతుండేవాడు. పక్కన ఎర్రక్షరాల్లో, 'నా నడుంనొప్పి మాయం, మా పరుపుమీద పడుకుంటే మీదీ మాయం' అని ఉండేది.

నిజానికి ఆ నొప్పి తగ్గింది డాక్టరిచ్చిన మందులకి, చేయించిన వ్యాయామాలకి. వెన్నుపూసల్లో వచ్చే వాపట. అణిగుంటుందే గానీ పూర్తిగా పోదట. పైగా పడుకుంటే పెరిగి, కదిలితే తగ్గే రకం. పరుపులమ్ముకునేవాడికి రావాల్సిన జబ్బేనా అది?

"బోర్డుమీద ఆ అబద్ధం ఏంటండీ?" అంది అతని భార్య జీనత్, అది పెట్టినప్పుడే.

"అబద్ధం ఎందుకయింది? మందులేసుకుని ఎక్కడ పడుకున్నాను? పరుపుమీదేగా."

అక్కడితో ఆగినా బాగుండేది. తన బోర్డు తనే రోజూ చదివి చదివి నమ్మేసి, జీనత్‌కి తెలీకుండా మందులూ వ్యాయామాలూ మానేశాడు.

పోయిన నెల ఓ తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నడుం కొయ్యబారిపోయి ఉంది. పాత చుట్టం పెట్టే బేడా సర్దుకుని మళ్లీ దిగింది.

బాషాకి ఏడుపొచ్చినంత పనైంది. కిందటిసారి రోజూ పొద్దున్నే జీనత్ తనని చేతులు పట్టి లేపడం, వంగలేకపోతే సాక్సులు తొడగడం, అన్నీ గుర్తొచ్చాయి. మళ్లీ ఆవిడ చేత ఆ చాకిరీ చేయించుకోవాలంటే సిగ్గేసింది. 'నే చెప్పలా?' అనిపించుకోవాలంటే ఇంకా సిగ్గేసింది.

అందుకని ఓ ఉపాయం పన్నాడు. కదిలితే తగ్గే నొప్పే కదా. ఆవిడ లేవకముందే లేచి ఏదో ఓ పనిలో పడితే, ఆవిడ చూసేటప్పటికి నిటారుగా ఉండొచ్చు. చప్పుడు కాకుండా మంచం దిగి, గోడ పట్టుకుని లేచి, చీపురందుకున్నాడు.

జీనత్ వచ్చి వాకిలి చూసింది. మొగుణ్ని చూసింది.

"ఇదేంటండీ?"

"పాపం ఒక్కదానివే చేసుకుంటున్నావని, సాయం."

"ఎంత మంచి బుద్ధి పుట్టింది," అని మురిసిపోయింది.

మర్నాడు చీపురు పక్కన బకెట్టూ తడిగుడ్డా ఉన్నాయి. ఆ మర్నాడు బూజుకర్ర. ఆ తర్వాత అటక.

"చేతులు బాగా పైకి చాపండి. ఆ మూల వదిలేశారు. నడుం వంచి తుడవండి, కూర్చుని కాదు."

బాషా లోపల కుతకుతలాడిపోయాడు. సాయం చేస్తానన్న పాపానికి జీతగాణ్ని చేసేస్తారా? చెయ్యనంటే, మరెందుకు మొదలెట్టారంటుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బూజు దులిపాడు.

ఇంట్లో ఎలాగో నెగ్గుకొచ్చాడు గానీ, కొట్లో దొరికిపోయాడు.

వీరులపాడు నించి సౌభాగ్యమ్మ అనే పెద్దావిడ వచ్చింది. వాళ్లాయనకి నడుంనొప్పట. బోర్డు చూసి ఆగింది.

"ఏదీ, నువ్వు పడుకుని చూపించు."

"నేనెందుకండీ, మీరే చూడండి."

"బోర్డుమీద ఉంది నువ్వేగదయ్యా. నా బొమ్మ లేదుగా."

తప్పక పడుకున్నాడు. ఆవిడ దూది సంగతీ గుడ్డ సంగతీ అడిగి, వాళ్లాయన బద్ధకం సంగతి చెప్పి ముగించేసరికి నడుం బిగుసుకుపోయింది.

"సరే లే, ఇదే తీసుకుంటా."

లేవబోయాడు. నడుం ఒప్పుకోలేదు.

"హాయిగా ఉందండీ. లేవబుద్ధి కావట్లేదు."

ఆవిడకి నమ్మకం కుదిరిపోయింది. రోడ్డుమీదున్న ట్రాలీ ఆటో దేవరాజ్‌ని కేకేసింది. అతనొచ్చి పరుపు ఓ కొస పట్టుకున్నాడు.

"లేవండి బాషాగారూ."

"ఇంకాస్సేపాగు."

"అవతల బేరం ఉందండీ."

బాషాకి ఏం చెయ్యాలో తోచక కళ్లు మూసుకుని గురక మొదలెట్టాడు.

"సరుకంటే ఇదీ," అంది సౌభాగ్యమ్మ.

"ఈయన్ని కూడా ఎక్కించమంటారా?" అన్నాడు దేవరాజ్.

సరిగ్గా అప్పుడే జీనత్ అన్నం క్యారేజీతో వచ్చింది. ఒక్క చూపు చూసి, క్యారేజీ కింద పెట్టి, కొంగు దోపింది.

"పక్కకి తిరగండి. మోకాళ్లు ముడవండి. చెయ్యిటివ్వండి."

కిందటేడు లేపినట్టే లేపి కూర్చోబెట్టింది. గురక ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు బాషా నేల చూస్తూ.

"మీరు చీపురు పట్టిన రోజే. పెళ్లయిందగ్గర్నించీ ఒంట్లో బాగుండగా ఎప్పుడు పట్టారు గనక?"

"మరి అడగలేదేం?"

"అడిగితే మంచమెక్కుతారు. వ్యాయామం చెయ్యమంటే చెయ్యరు, నా దగ్గర దాచడానికైతే చేస్తున్నారు. చేతులు చాపడం, నడుం వంచడం, అన్నీ డాక్టరు చెప్పినవేగా. ఊరెళ్లిన ఆ డాక్టరు రేపు నందిగామ తిరిగొస్తున్నాడు. మీ పేరు రాయించా." గొంతు తగ్గించింది. "మిమ్మల్ని లేపడం నాకు బరువని ఎవరు చెప్పారండీ మీకు?"

బాషా ఆవిడ చెయ్యి వదల్లేదు.

సౌభాగ్యమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పరుపు సంగతి తర్వాత చూద్దాం గానీ అమ్మాయ్, ఆ చీపురెక్కడ కొన్నావ్?"

మందులు మళ్లీ మొదలయ్యాయి. బోర్డు దిగిపోయింది. కొన్నాళ్లకి నడుం మెల్లగా దారికొచ్చింది. ఓ పొద్దున బాషా సులువుగా లేచి, ఇంక దాచేదేముందని కుర్చీలో కూర్చుని కాఫీ అడిగాడు.

జీనత్ చీపురు తెచ్చి చేతిలో పెట్టింది.

"నొప్పి లేదు జీనత్. నిజంగానే లేదు."

"అందుకేగా ఇస్తున్నా. నొప్పితోనే అంత శుభ్రంగా ఊడ్చిన మనిషి, ఇప్పుడింకెంత బాగా ఊడుస్తారో చూద్దామని."