మంచి కాఫీ దొరకని దేశాలు వర్ధిల్లాలి!

ఈ ఆదివారం ఇంట్లో అమ్మ, నాన్న, మామ్మ, సెలవు మీద వచ్చిన మా అక్క, నేను ఉన్నాం. ఇంతమంది సాక్షిగా ఒక సత్యం ప్రకటిస్తున్నాను. పరాయి దేశాల్లో మంచి కాఫీ దొరకకపోవడం మన కుటుంబాలకు దక్కిన మహాభాగ్యం!

నవ్వకండి. నేను అనుభవం మీద చెబుతున్నాను.

మా అక్క ఆసుపత్రుల్లో స్కానింగ్ మిషన్లు బిగించే ఇంజనీరు. నెలకో దేశం తిరుగుతుంది. ఎక్కడికి వెళ్లినా మిషన్ ఒక్క పూటలో దారికొస్తుంది, కాఫీ మాత్రం రాదు. ఒకచోట బకెట్టంత కప్పులో గిన్నెలు కడిగిన నీళ్లు. ఇంకోచోట చెవిలో మందు వేసుకునేంత కాఫీ, దానికో సాసరు, స్పూను, పక్కన గ్లాసెడు మంచినీళ్లు! హోటల్ గదిలో పొట్లం చింపితే బొగ్గుపొడి. ఆఫీసు మిషన్‌కి బోలెడు బటన్లు, ఏది నొక్కినా ఒకటే కషాయం. మరోచోట నురగ మీద ఆకు బొమ్మ ఎంత శ్రద్ధగా గీశారంటే, దాని కింద కాఫీ పోయడం మరిచిపోయారట!

ఇవన్నీ నాకెలా తెలుసు? మహాభాగ్యం అక్కడే ఉంది. కాఫీ బాగాలేని ప్రతి పొద్దునా అక్క నాకు వీడియో కాల్ చేసేది.

"ఒసే మౌనమునీ, నువ్వు కాఫీ కలుపు. అది చూస్తూ ఈ కషాయం మింగుతాను."

నేను ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, పాలు పొంగించి, కాఫీ తిరగపోసేదాన్ని.

"ఇంకా పైనుంచి పొయ్యవే! నురగేదీ?"

"ఇంకా పైకెత్తితే మామ్మ నెత్తిన పడుతుందక్కా!"

"పడనీ. కునికిపాట్లు మానుతుంది."

"నాకు వినబడుతూనే ఉందే!" అనేది మామ్మ, గోడకి చేరగిలబడి.

నలుగురిలో నోరు పెగలని నేను, గ్లాసు చల్లారేదాకా వాగేదాన్ని. బళ్లో పాఠం అప్పజెప్పలేక నిలబడిపోవడం, స్నేహితురాలు మాట మానెయ్యడం, అమ్మకి చెప్పుకోలేనివి కూడా. కాఫీ బాగుంటే ఇవన్నీ ఎవరితో చెప్పుకునేదాన్ని? డైరీతోనా? "తరవాతేమైందే?" అని డైరీ ఎప్పుడైనా అడిగిందా?

కాబట్టి కాఫీ చెడగొట్టడానికి ప్రపంచ దేశాలన్నీ ఒప్పందం చేసుకోవాలి! రుచిగా కలిపేవాళ్ల వీసాలు రద్దు చెయ్యాలి!

ఇంత ఆవేశం దేనికంటారా? ఈమధ్య ఒక ఊళ్లో అక్కకి మంచి కాఫీ దొరికింది. ఆ ఆసుపత్రిలో మన భాష మాట్లాడే ఒకాయన స్వయంగా కలిపి ఇస్తాడట. "అచ్చం మనింట్లోలాగే ఉందే!" అని మురిసిపోయింది. రోజూ వచ్చే కాల్ వారానికి ఒకటైంది. ఆ తరవాత "బిజీనే" అని మెసేజ్.

ఇప్పుడు ఇంటికే వచ్చిందిగా, ఇక ఆయనెవరు నాకు పోటీ? ఈ ఆదివారం అందరికంటే ముందు లేచాను. నురగ గ్లాసు అంచు దాటేలా కాఫీ కలిపి అక్క గదికి పట్టుకెళ్లాను. తలుపు ఓరగా తీసి ఉంది. అక్క ఫోన్‌లో నవ్వుతోంది.

"మీ చేతి కాఫీ లేక ఇక్కడ ఛస్తున్నానండీ!"

అంతలో నన్ను చూసింది.

"ఆ కిటికీలో పెట్టవే, తాగుతాలే" అని తలుపేసేసింది.