దెమావ్ నడుం, వాలిన గోడ

దెమావ్ ఇంటి ప్రహరీ గోడ మూడేళ్లుగా దారి మీదికి వాలి ఉంది. అతని నడుం నొప్పికీ సరిగ్గా అంతే వయసు. గోడ మాట ఎత్తితే చాలు, నడుం పట్టుకునేవాడు. ఆ రోజు అత్తగారి అరవై ఆరో పుట్టినరోజు. పొద్దున్నే అతని భార్య చాయిశ్యా నూడుల్స్‌కి పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, తల్లిని తీసుకురావడానికి బస్సు దగ్గరికి బయలుదేరింది.

"అమ్మ వచ్చేలోపు ఆ గోడకి కాస్త ఊతమైనా పెట్టు," అంది భర్తతో.

"నా నడుం..."

"నీ నడుం సంగతి నాకు తెలీదు. గోడ పడిందంటే రేపట్నుంచి నీ వంట నువ్వే చేసుకో."

వంట మాట వినగానే దెమావ్ లేచాడు. దుంగ కావాలంటే పెరట్లోకి వెళ్లాలి. గుమ్మం పక్కనే, కడిగి ఎండకు నిలబెట్టిన కర్ర ఒకటి చేతికందింది. అది పిండి వత్తే కర్ర. నిలబెడితే నడుం దాకా వస్తుంది, చాయిశ్యాకు పెళ్లిలో తల్లి ఇచ్చింది. కాసేపటికే కదా అనుకుని దాన్ని గోడకు ఆనించి, వెళ్లి పడుకున్నాడు.

కొండమీది పాత కోటకు దారి ఆ గోడ పక్కనుంచే. కోటలో మిగిలింది మట్టి దిబ్బలూ సగం బురుజూ. వాలిన రాయికైనా గోడకైనా పుల్ల ఆనిస్తే ఏడాదంతా నడుం నొప్పి రాదన్న సంగతి ఆ షాన్‌షీ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. కోట చూసి దిగుతున్న ఒకావిడ కర్రను గమనించి, తనూ ఓ పుల్ల ఏరి పక్కన పెట్టింది. ఆవిడను చూసి మరొకరు పెట్టారు. అంతలో బస్సెడు జనాన్ని వెంటేసుకుని ఓ గైడు అమ్మాయి కొండ దిగింది. కోటలో చెప్పడానికేమీ దొరక్క పొద్దున్నుంచీ అవస్థ పడుతోంది పాపం.

"ఈ పెద్ద కర్ర చూశారా? యుద్ధానికి వెళ్లేముందు కోట సేనాపతి స్వయంగా పెట్టింది!"

గోలకు దెమావ్ బయటికి వచ్చేసరికి గోడ కింద పుల్లల అడవి, దాని ముందు పెద్ద వరుస. అప్పుడు గుర్తొచ్చింది పిండి. కర్ర లేనిదే నూడుల్స్ లేవు. నూడుల్స్ ఎంత పొడవుంటే ఆయుష్షు అంత అంటారు; పుట్టినరోజున అవి తినకపోతే అత్తగారి ఆయుష్షు అల్లుడు తెంపినట్టే. వరుస పక్కనుంచి వెళ్లి కర్ర మీద చెయ్యి వేశాడు.

"ఏయ్ పెద్దాయనా, వరుసలో రా!"

"ఇది మా ఇంటి కర్ర, తల్లీ!"

"ఓహో, సేనాపతి మీ తాతగారా?"

"అది లాగి అందరి నడుములూ విరగ్గొడతావా? తియ్యి చెయ్యి!"

దెమావ్ లోపలికెళ్లి, మార్చి పెట్టడానికి చీపురు కర్ర తెచ్చి, నడుం పట్టుకుని మూలుగుతూ వరుస చివర నిలబడ్డాడు. జాలిపడి ముందుకు పంపించారు. కర్ర మీద చెయ్యి వేయబోతుండగా చాయిశ్యా, ఆమె తల్లి వచ్చారు.

"చాయిశ్యా, ఇది నేనిచ్చిన కర్ర కాదుటే?" అంది ముసలావిడ వంగి చూసి. "చివర కాలిన మచ్చ నా పొయ్యిదే."

ఎవరైనా ఆపేలోపే లాగేసింది. జనం కెవ్వుమని వెనక్కి తగ్గారు. గోడ కదల్లేదు, పుల్లలే మోస్తున్నాయి. "హమ్మయ్య" అంటూ దెమావ్ వాటి మీదే కూలబడ్డాడు. పుల్లలు పటపటా విరిగాయి. గోడ తన మీదికి కూలుతుంటే అతను ఒక్క గెంతులో మురుగు కాలవ దాటి, ఎదురింటి పందుల దొడ్డి గోడెక్కి కూర్చున్నాడు.

దుమ్ము తగ్గాక చప్పట్లు మోగాయి.

"ఇందాక నిలబడలేకపోయాడు కదూ!"

"సేనాపతి మహిమంటే ఇదీ!"

గైడు అమ్మాయికి ఇంక కల్పించడానికేమీ మిగల్లేదు.

చాయిశ్యా మాత్రం చప్పట్లు కొట్టలేదు. "మూడేళ్లు బావి నుంచి నీళ్లన్నీ నేనే మోశాను," అంది. ఆమె గొంతులో కోపం కన్నా అవమానమే ఎక్కువ వినిపించింది. దొడ్డి గోడ మీద దెమావ్ తలెత్తలేకపోయాడు.

"నడుం బాగుపడిందిగా అల్లుడూ, దిగు," అంది అత్తగారు కర్రను చొక్కా అంచుతో తుడుస్తూ. "మేం నూడుల్స్ తినేలోపు ఇటుకలు ఏరు."

గోడ కట్టడం పూర్తయ్యేసరికి దెమావ్‌కు నిజంగానే నడుం పట్టేసింది. మందు రాయమని మూలిగితే, చాయిశ్యా ఓ పుల్ల తెచ్చి చేతికిచ్చింది.