పరుశురాం మూతి మీది గుడ్డ

ఇవాళ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదని లక్ష్మీరాజం పొద్దున్నే హుకుం జారీ చేశాడు. పది గంటలకు కూతురు నవతకు పరిశోధన సీటు కోసం ఇంటర్వ్యూ. కరోనా పుణ్యమా అని ప్రొఫెసర్లే కంప్యూటర్లో సూరత్‌లోని వాళ్ల ఒంటిగది ఇంటికి వస్తున్నారు. మగ్గాల మోత తప్ప మరొకటి ఎరుగని ఆ వంశంలో అంతదూరం చదివింది ఆ పిల్ల ఒక్కతే.

ఆ చదువు లక్ష్మీరాజానికి అర్థమైనంతవరకు ఇది: కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. దాన్ని సూపర్ కండక్టివిటీ అంటారు. దానికీ అయస్కాంత గుణానికీ క్షణం పడదు. అయినా కొన్ని వింత పదార్థాల్లో రెండూ కలిసి కాపురం చేస్తాయట. ప్రొఫెసర్లకు అది చూపించడానికి నిన్న సాయంత్రం ఎరుపు పడుగులో పచ్చ పేక వేసి జానెడు గుడ్డ నేసుకొచ్చాడు. అటు తిప్పితే ఎరుపు, ఇటు తిప్పితే పచ్చ. దాన్ని కుట్టుమిషన్ మీద భద్రంగా పెట్టాడు.

తొమ్మిది దాటాక చూస్తే గుడ్డ లేదు.

"మాస్కు కుట్టిన," అంది భార్య కొమురవ్వ. "నువ్వు తెచ్చేదంత డ్యామేజి గుడ్డనే గదా! రోజు కుడుతలేనా? పక్కింటి తమ్ముడు పరుశురాం పెట్టుకొని డ్యూటీకి పోయిండు."

"కొంప ముంచినవ్ గదనే!"

లక్ష్మీరాజం సైకిలెక్కి ఖటోదరాలో పరుశురాం పనిచేసే మగ్గాల కార్ఖానాకు ఉరికాడు. తొందరలో తన మాస్కు మరిచాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

"మాస్క్ నహీ తో ఎంట్రీ నహీ!"

పరుశురాంను బయటికి పిలిపించాల్సి వచ్చింది. సంగతి విని అతను రెండు చేతులతో మూతి మూసుకున్నాడు.

"ఇది ఇస్తే నన్ను మళ్ల లోపలికి రానియ్యరు బావా!"

"అయితే గుడ్డతోటి నువ్వు గూడ రా. ఎక్కు సైకిల్!"

మాస్కు లేని మనిషొకడు వచ్చి పనివాణ్ణి ఆగమాగం ఎక్కించుకుపోవడం చూసి, పరుశురాంకు కరోనా తేలిందని వాచ్‌మన్ తేల్చేశాడు. ఆ కబురు సైకిల్ కంటే ముందే గల్లీకి చేరింది. కొమురవ్వ గడపకు అడ్డంగా నిలబడి ఇద్దరి మీదా బకెట్టెడు పసుపునీళ్లు గుమ్మరించాకే లోపలికి వదిలింది.

లోపల ఇంటర్వ్యూ సగమైంది. "ఆ రెండు గుణాలూ ఒకేచోట ఉంటాయా, లేక ఇదొక మూల, అదొక మూల వాటాలు వేసుకుంటాయా?" అని ప్రొఫెసర్ అడుగుతున్నాడు. నవత ఖాళీ చేతులతో పడుగూ పేకా గాల్లోనే చూపిస్తోంది. కూతురి మొహం చూసి లక్ష్మీరాజానికి ప్రాణం ఉసూరుమంది. తడిసి ముద్దయిన పరుశురాంను కెమెరా ముందుకు తోశాడు.

"మామా, జర తలకాయ తిప్పు," అంది నవత.

తిప్పాడు. మూతి ఎర్రబడింది. మళ్లీ తిప్పాడు. పచ్చబడింది.

"సర్, కొన్నింట్లో ఇట్లనే. ఏ చోట చూసినా రెండు పోగులూ ఉంటాయి. వాటాల్లేవు."

అవతల అందరూ పడీపడీ నవ్వారు. సీటు పోయిందని లక్ష్మీరాజం కళ్లు మూసుకున్నాడు.

"ముక్కు ఒంపు మీద రెండు రంగులూ ఒక్కసారే కనబడుతున్నాయి. ఒట్టి గుడ్డ చూపిస్తే ఇంత బాగా తెలిసేది కాదు," అన్నాడు ప్రొఫెసర్. "రైళ్లు నడవగానే వచ్చి చేరమ్మా."

లక్ష్మీరాజం పసుపునీళ్లతో పాటు కన్నీళ్లూ తుడుచుకున్నాడు. "నేను కుట్టబట్టే గదా!" అని కొమురవ్వ కూతుర్ని గుండెకు హత్తుకుంది.

కంప్యూటర్ మూసేశాక కూడా పరుశురాం తల తిప్పుతూనే ఉన్నాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.