లాత్రప్ కణం పుట్టుపూర్వోత్తరాలు

మానవజాతికి ఇంతవరకూ తెలియని ఒక రోగనిరోధక కణాన్ని క్యాన్సరు కణితుల్లో కనుగొన్నామని బోస్టన్‌లోని నదీతీర కణవిజ్ఞాన సంస్థ ప్రకటించిన రోజున, ఆ కణాన్ని స్వహస్తాలతో తయారుచేసిన నోరీన్ టవారెస్ వెనకగదిలో గాజుసామాను కడుగుతూ ఉంది. తయారుచేసింది తనేనని అప్పటికి ఆవిడకీ తెలియదు. అందువల్ల వేదిక మీదికి పిలవలేదన్న బాధ కూడా లేదు.

ఆ సంస్థలో జరిగేది ఒక రకంగా జనాభా లెక్కల పని. ఆసుపత్రిలో కోసి తీసిన కణితి ముక్క వస్తుంది. నోరీన్ దాన్ని సన్నగా తరిగి, ఎంజైము కలిపి, గోరువెచ్చని నీటితొట్టిలో అరగంట ఉంచితే కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. అప్పుడు ఒక్కో కణానికీ ఒక్కో గుర్తు తగిలించి, దానిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో యంత్రం విడివిడిగా చదువుతుంది. కణితిలోకి వెళ్లిన మన సైనిక కణాలు పోరాడుతున్నాయా, కునుకు తీస్తున్నాయా, శత్రువుతో చేతులు కలిపాయా అన్నది ఇలా బయటపడుతుంది. పూర్వం అన్నిటినీ కలిపి రుబ్బి సగటు చూసేవారు. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ నిలదీసి అడుగుతున్నారు. అడిగేముందు ఎంతసేపు కూర్చోబెట్టారో మాత్రం ఎవరూ రాసిపెట్టరు.

అరగంట అన్నది కాగితం మీది మాట. క్యాన్సరు సర్జను కత్తి పట్టేది మంగళవారాల్లోనే కాబట్టి కణితి మంగళవారం పదకొండింటికి వస్తుంది. పదకొండుంపావుకి డైరెక్టరు డాక్టర్ ఎలియట్ లాత్రప్ గారి వారపు సమావేశం. ఆయన మాట్లాడుతుండగా మధ్యలో లేచిన ధైర్యవంతులు సంస్థలో లేకపోలేదు. మరుసటి సంవత్సరం లేరు, అంతే. కనుక నోరీన్ ముక్కను తొట్టిలో వదిలేసి, ఓ బేగెల్ రొట్టె చేతపట్టుకుని వెనక వరసలో కూర్చునేది. మూడు గంటల తరవాత బయటపడేది. ఆరోగ్యవంతమైన కణజాలం వచ్చేది గురువారం. గురువారం డైరెక్టరు గారు పడవ నడుపుకోవడానికి వెళతారు గనక పని అరగంటలో అయిపోయేది.

కంప్యూటరు దగ్గర కూర్చునే కీర్‌స్టెన్ డాల్ అనే పిల్ల ఈ లెక్కలన్నిటినీ పటంగా గీసింది. పటంలో ఓ మూల ఎర్రటి దీవి తేలింది. అక్కడి కణాల్లో ఆపద వచ్చినప్పుడు కేకలుపెట్టే జన్యువులన్నీ ఒక్కసారిగా కేకలు పెడుతున్నాయి. కణితుల్లో ఈ కణాలు కోకొల్లలు. ఆరోగ్యవంతమైన కణజాలంలో మచ్చుకైనా ఒక్కటి లేదు.

"మిత్రులారా!" అన్నారు డైరెక్టరు గారు గద్గద స్వరంతో. "నలభై ఏళ్లుగా ఈ కణం నా కోసమే ఎదురుచూసింది."

ఇది ఒక్కటి మాత్రం దాదాపు నిజం. ఎదురుచూసింది నలభై ఏళ్లు కాదు, మూడు గంటలు.

కణానికి ఆయన పేరే పెట్టారు. ఆయన వద్దన్నారు, వద్దన్న విషయాన్ని కూడా పత్రికలకి ప్రత్యేకంగా తెలియజేశారు. సంస్థకి కొత్త భవనం లేచింది. పిల్లలాసుపత్రిలో ఎర్ర ఉన్నితో చేసిన లాత్రప్ కణం బొమ్మలు పంచారు. ఎర్ర చొక్కాలు తొడుక్కుని వేలమంది నది ఒడ్డున పరుగెత్తారు, ఎవరి నుంచి పారిపోతున్నారో ఎవరూ అడగలేదు. ఈ కణం తాను బెంబేలెత్తి తోటి సైనికుల్ని కూడా బెంబేలెత్తిస్తోందని సిద్ధాంతం ఏర్పడింది. దాన్ని ఏరిపారేసే మందు తయారైంది. ఆ మందు ప్రయోగంలో చేరదలచినవాళ్లు అంతకుముందు వాడుతున్న మందు మానెయ్యాలన్న చిన్న నియమం ఒకటి పెట్టారు.

ఇంతలో డైరెక్టరు గారికి గొంతు పోయింది. ఆ మంగళవారం సమావేశం రద్దయింది. నాలుగు రోజుల తరవాత కీర్‌స్టెన్ మొహం మాడ్చుకుని వెనకగదికి వచ్చింది.

"నోరీన్, ఈసారి కణితిలో మన కణం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదమ్మా. కాగితంలో ఉన్నట్టే చేశాను."

"అదే అడుగుతున్నా! ఎప్పుడూ చేసినట్టు ఎందుకు చెయ్యలేదూ?"

ఆ మంగళవారం సమావేశం లేదని, పని అరగంటలోనే అయిపోయిందని నోరీన్‌కి గుర్తొచ్చింది. గురువారం ఆరోగ్యవంతమైన ముక్క రాగానే కావాలనే మూడు గంటలు తొట్టిలో వదిలేసి, కిటికీ దగ్గర కూర్చుని స్వెట్టరు అల్లుకుంది. ఫలితం వచ్చింది. ఎర్రటి దీవి కళకళలాడుతోంది.

"కణితికీ దీనికీ సంబంధం లేదే పిల్లా. వేడినీళ్లలో మూడు గంటలు పడేస్తే నువ్వైనా నేనైనా కేకలే పెడతాం."

"నా కొత్త ఉద్యోగం దరఖాస్తులో మొదటి వాక్యమే ఆ కణం, నోరీన్," అంది కీర్‌స్టెన్. "రెండో వాక్యం లేదు."

నోరీన్ స్వయంగా డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లి చెప్పింది. సంస్థ సత్యం పట్ల ఎంత నిబద్ధత గలదంటే, వెంటనే ఏడుగురితో విచారణ సంఘం వేసింది. సంఘం సుదీర్ఘంగా ఆలోచించి తేల్చినదేమిటంటే: లాత్రప్ కణం మహా సుకుమారమైనది, నోరీన్ టవారెస్ అరగంటలో తొందరపడి పని ముగించడం వల్ల అది అవతరించే అవకాశం కోల్పోయింది, ఇకమీదట ప్రతి కణితినీ మూడు గంటలకు తక్కువ కాకుండా తొట్టిలో ఉంచవలెను. ఇక గురువారపు ముక్క ఇచ్చిన ఆరోగ్యవంతుణ్ణి, పాపం, క్యాన్సరు తొలిదశలో ఉన్నట్టు భావించి పరీక్షలకి పిలిపించారు. నోరీన్‌కి ఓర్పు అనే అంశం మీద రెండు రోజుల శిక్షణ ఇప్పించారు.

ఆవిడకి కోపం వచ్చింది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి నిజంగా ఒళ్లు మండిపోయింది. శిక్షణ గురించి కాదు. మందు ప్రయోగంలో చేరబోతున్న మొదటివాడు గస్ మాగ్వైర్ అని ఆవిడకి తెలుసు. డార్చెస్టర్‌లో ముప్ఫయ్యేళ్లు సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి. పాత మందుతో ఆయన కణితి సగానికి సగం తగ్గింది. సంతకం పెడితే ఆ మందు మానెయ్యాలి. ఆసుపత్రి నడవాలో బల్ల మీద కూర్చుని కాగితాలు చూసుకుంటున్న ఆయన పక్కన నోరీన్ కూలబడింది.

"గస్ గారూ, మీ ముక్క తరిగింది నేను. మీ ఒంట్లో ఆ కణం లేదండీ. ఎవరి ఒంట్లోనూ లేదు. అది మా తొట్టిలో పుడుతోంది. మీకు పనిచేస్తున్న మందు మానకండి. మీకు దణ్ణం పెడతాను."

గస్ ఆవిణ్ణి జాలిగా చూశాడు.

"నీకు ఇంట్లో ఏదైనా ఇబ్బందా తల్లీ?"

"ఇబ్బంది మీకండీ, నాకు కాదు!"

"చూడమ్మా, ఆ కణానికి ఇంత భవనం ఉంది. నా మనవరాలు దాని పేరు రాసిన చొక్కా వేసుకుని ఐదు కిలోమీటర్లు పరిగెత్తింది. లేనిదానికి ఇంతమంది పరిగెడతారా? సరే, నువ్వేం చదువుకున్నావు?"

"రెండేళ్ల కోర్సు చేశానండీ. మిగతాదంతా చేతిపని."

"మరి?" అన్నాడు గస్, వాదన ముగిసిపోయినట్టు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చూసి భుజం తట్టాడు, జేబులోంచి ఓ పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. తరవాత కళ్లజోడు సవరించుకుని, ప్రతి అక్షరం చదివి, పదకొండు చోట్ల సంతకం పెట్టాడు.

ఆ పత్రాల ఆఖరి పేజీలో, రోగి స్వేచ్ఛని కాపాడడానికి ఎంతో ముందుచూపుతో పెట్టిన ప్రశ్న ఒకటుంది: మీ నిర్ణయాన్ని ప్రభావితం చేయడానికి ఎవరైనా ప్రయత్నించారా? గస్ నిజాయితీపరుడు. "అవును. ల్యాబులో పనిచేసే ఒకావిడ. నేను లొంగలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. రోగుల మీద జరిగే ప్రయోగాల మంచిచెడ్డలు చూసే నైతిక విలువల సంఘం ఆ వాక్యాన్ని నిండు సభలో చదివి వినిపించి, ఇంత విజ్ఞతతో కూడిన అంగీకారపత్రం తమ అనుభవంలోకి రాలేదని మెచ్చుకుని, మర్నాటి నుంచి ఆయన పాత మందు ఆపించింది.