గుర్తుకు దగ్గరి గుమ్మం

నెత్తురు పరీక్షలో కొవ్వు ఎక్కువని తేలితే, ఆ మనిషి జన్యువులు ఒంట్లోంచి దిగి జన్యు విచారణ కార్యాలయానికి వచ్చి బల్ల మీద కూర్చోవాలి. అమలాపురంలో షామియానాలు అద్దెకిచ్చే గుత్తుల పల్లాలరావు జన్యువులూ బుధవారం పొద్దున్నే అలాగే వచ్చి కూర్చున్నాయి. కొన్ని ఆధార్ కార్డు మర్చిపోయి వచ్చాయి. అవి వెళ్ళి తెచ్చుకునేదాకా పల్లాలరావుకు ఎడమ కన్ను కనిపించలేదు. అది మామూలే.

పల్లాలరావు వాళ్ళ నాన్న, అన్న ఇద్దరూ యాభై దాటకుండానే గుండె పట్టుకుని పోయారు. ఇతనికీ ఆ వయసు దగ్గరపడింది. ఏ జన్యువు వల్ల కొవ్వు పెరుగుతోందో తేలితే దానికి మందుంది. తేలకపోతే అన్న వెళ్ళిన దారే.

విచారణాధికారి భాగ్యరేఖగారు అతని ఒంటి పటం బల్ల మీద పరిచారు. ఇలా కొవ్వు పేరుకునే కుటుంబాలన్నిటిలో జన్యు రాతలో ఒకేచోట ఒక అక్షరం మారి ఉంటుంది. అదే గుర్తు. ఆ గుర్తుకు ఎవరి గుమ్మం దగ్గరైతే వాళ్ళే బాధ్యులని నిబంధన. టేపు పెట్టి కొలిచారు. చెమట పట్టించే జన్యువు ఇల్లు దాన్ని ఆనుకునే ఉంది.

"కొవ్వుకీ నాకూ ఏంటండీ సంబంధం? నాది చెమట పని" అంది ఆ జన్యువు.

"పక్కనే ఉండి తెలీదంటే ఎలాగ?" అన్నారావిడ.

వెనక బల్ల మీంచి ఇంకో జన్యువు లేచింది. "ఆయ్, అది నేనండీ మేడంగారూ. కాలేయంలో కొవ్వు ఊడ్చేది నేనే. ఆ గుర్తు పడింది నన్ను పిలిచే గంట తాడు మీదండీ. తాడు తెగింది. పిలుపు రావట్లేదు, నేను ఊడవట్లేదు."

"మీ ఇల్లెక్కడ?"

"చాలా వీధుల అవతలండి."

"అంత దూరం మేం చూడం. కూర్చోండి."

పల్లాలరావు లేచి నిలబడ్డాడు. "అదే ఒప్పుకుంటోంది కదండీ!"

"ఒప్పుకోవడం వేరు, దగ్గరుండడం వేరు" అన్నారు భాగ్యరేఖగారు, ఓపిగ్గానే. నిజమే మరి. అత్త మీది కోపం చూపించాలన్నా దుత్త చేతికందేంత దగ్గర్లో ఉండాలి కదా.

చెమట జన్యువును లోపలేసి మందు వేశారు. రోహిణి కార్తె ఎండల్లో అందరూ తడిసి ముద్దవుతుంటే పల్లాలరావు మాత్రం పొడిగా మాడిపోయాడు. బిందెల కొద్దీ నీళ్ళు కుమ్మరించుకున్నాడు. కొవ్వు ఇంకా పెరిగింది. ఒకరోజు గుండెలో పట్టేసినట్టయితే ఆటో ఎక్కి కార్యాలయానికే వచ్చాడు.

"గుండెనొప్పయితే చెమటలు పట్టాలి. పట్టాయా?" అనడిగారు భాగ్యరేఖగారు.

"దాన్ని మీరే లోపలేశారు కదండీ!"

"అదే చెప్తున్నా. కారణం మా దగ్గర బందీగా ఉంది. కారణం లేకుండా జబ్బెలా వస్తుందండీ?"

పల్లాలరావుకు ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో అంతుపట్టడం లేదు. అప్పుడే కొవ్వు ఊడ్చే జన్యువు, తాడు అతికించమని పెట్టుకున్న అర్జీ పట్టుకుని లోపల్నుంచి వచ్చింది.

"మళ్ళీ తిప్పి పంపేశారండీ."

"ఇప్పుడేం చేస్తావ్?"

"ఇంటికే వెళ్ళాలండి. పనున్నా లేకపోయినా హాజరుండాలి కదా."

పల్లాలరావు చొక్కా పైగుండీ విప్పి దానికి దారిచ్చాడు. తర్వాత, ఈ నొప్పి తనది కాదేమోననుకుంటూ, జబ్బు లేదని ధ్రువపత్రమిచ్చే వరసలో నిలబడ్డాడు. ముందున్న వాళ్ళందరూ ఒక చేత్తో గుండె పట్టుకునే ఉన్నారు. ఎవరూ తోసుకోవడం లేదు.