కర్నల్ ట్రిప్లెట్ సంతాపం

నది కోర్టు మెట్లెక్కి, తలుపు తోసుకుని, రికార్డు గదిలో కాగితాలన్నీ ఊడ్చుకుపోయిన వరద వచ్చిన మరుసటి ఏడు అది. ఆగస్టులో కెంటకీ శాసనసభకి ఎన్నికలు వచ్చాయి.

ఓట్ల రోజు ఉదయం ఎనాక్ ప్రూయిట్ పెట్టుకున్న పని చిన్నదే. రేవు దాటాలి, కోర్టు ముందు నిలబడాలి, భోజనం వేళకి ఇల్లు చేరాలి. అంతకుముందు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడాడు. కంచరగాడిదలు పెంచే మనిషి. వాటితో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడడు. ఈసారి మాత్రం గెలవాలని గట్టిగా ఉంది. నదికి వంతెన కావాలి. ఎదుట నిలబడ్డ కర్నల్ ట్రిప్లెట్‌కి వంతెన అక్కర్లేదు. రేవులో తిరిగే పడవ ఆయనదే.

"ఈసారైనా నోరు విప్పి నాలుగు ముక్కలు చెప్పవయ్యా," అంది భార్య కెజియా, రేవు దగ్గర.

"వంతెన కావాలి."

"రెండే అయినాయి."

"అంతకంటే నాకేం కావాలి?"

పడవవాడు ఎనాక్‌ని చూసి గెడ జారవిడిచాడు. మళ్ళీ పట్టుకుని, అవతలి ఒడ్డు దాకా వెనక్కి తిరగలేదు. ఎనాక్ చిల్లర తీయబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు బాబూ. నీ దగ్గర తీసుకుంటే నాకు మంచిది కాదు."

"కర్నల్ మనిషి కూలి వద్దంటున్నాడేమిటి?" అన్నాడు ఎనాక్, ఒడ్డెక్కాక.

"ఎన్నికలు గదా. మర్యాదలు పెరుగుతాయి," అంది కెజియా.

జరిగింది వేరు. ప్రూయిట్ల ఇంట్లో తరానికొక ఎనాక్ ఉండాలి. ఇతని చిన్నాన్నా ఎనాకే. బ్రహ్మచారి, కొండ లోపలెక్కడో ఒంటరిగా ఉండేవాడు. వరద తగ్గాక, సమాధి రాళ్ళు చెక్కే ఫిలో గాస్ తన పెరట్లో బురద పట్టిన రాళ్ళని సగం ధరకి అమ్మేశాడు. కెజియా మూడు కొంది. మొగుడికొకటి, తనకొకటి, చిన్నమామగారికొకటి. బతికుండగానే పేరు చెక్కించి, చనిపోయే ఏడాది ఒక్కటీ ఖాళీగా ఉంచుకోవడం ఆ ఊళ్ళో వింతేం కాదు.

ఎనాక్ గాడిదలు అమ్మడానికి ఎగువకి వెళ్ళినప్పుడు చిన్నాన్న పోయాడు. "ఎనాక్ పోయాడు, రాయి మీద ఏడు వెయ్యి" అని కెజియా పడవ మీద కబురంపింది. కబురు పంపింది పెళ్ళాం గనక పోయింది మొగుడే అనుకున్నాడు ఫిలో. చక్కగా ఏడు చెక్కి, తుడిచి, రాయిని కోర్టు వీధివైపు తిప్పి నిలబెట్టాడు. ఎనాక్ ముందురోజు రాత్రే కొండదారిన ఇల్లు చేరాడు. ఊరికి ఆ సంగతి తెలియదు.

ఇద్దరూ కోర్టు దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ళంతా టోపీలు తీసి నిలబడి ఉన్నారు. ఎనాక్ కూడా తీశాడు. మెట్ల మీద కర్నల్, చేతికి నల్లగుడ్డ కట్టుకుని మాట్లాడుతున్నాడు. యుద్ధం ముఖం చూడని కర్నల్ అయినా మాటలకి లోటు లేని ప్లీడరు. పోయినవాడికి ఓట్లు రావు గనక, మనసు విప్పడానికి ఆయనకేం అడ్డు లేకపోయింది.

"అయ్యలారా, ఎనాక్ ప్రూయిట్ లాంటి నిజాయితీపరుడు ఈ జిల్లాలో పుట్టలేదు. ఆయన బూట్లు తుడవడానికి కూడా నేను చాలను. ఆయన కోరిన వంతెన కట్టాల్సిందే, దానికి ఆయన పేరు పెట్టాల్సిందే. ఆయనే బతికుంటే, ఇవాళ నా మొదటి ఓటు మీ అందరి ముందూ ఆయనకే వేసేవాణ్ణి."

కెజియా కళ్ళు ఒత్తుకుంది. "ఇంత మంచివాడివని నాకెప్పుడూ చెప్పలేదేమయ్యా?"

"ఉండు. పూర్తి కానీ," అన్నాడు ఎనాక్.

పూర్తయింది. అందరూ ఆమెన్ అన్నాక వెనకనుంచి ఎనాక్ అన్నాడు: "చాలా ఉపకారం, కర్నల్ గారూ."

ఫిలో గాస్ ఉన్నచోటే కూలబడ్డాడు. కర్నల్ చేతికున్న నల్లగుడ్డ జారిపోయింది. అయినా ప్లీడరు ప్లీడరే.

"చనిపోయినవాడు పోటీకి పనికిరాడు. షరీఫు గారూ, ఆ రాయి చూడండి."

ఎన్నిక జరిపించే షరీఫు రాయి చూశాడు, ఎనాక్‌ని చూశాడు. కోర్టు కాగితాలు వరదలో పోయాయి. వరద భయానికి ఊళ్ళో ఇళ్ళ బైబిళ్ళన్నీ గుట్ట మీద చర్చిలో ఉంచుతున్నారు. కబురంపితే పాస్టరు ప్రూయిట్ల బైబిలు పట్టుకుని దిగొచ్చాడు. అందులో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకునే పేజీలుంటాయి. చావుల పేజీలో చివర ఎనాక్ ప్రూయిట్ అని ఉంది.

"రాసింది నేనే, కానీ ఇతన్ని గురించి కాదు," అన్నాడు పాస్టరు.

"రాసింది రాసిందే," అన్నాడు కర్నల్.

షరీఫు నిట్టూర్చాడు. "ఎనాకూ, నువ్వు బతికున్నట్టు కాగితమేదైనా ఉందా?"

"లేదు."

"పొద్దున ఎనిమిది రొట్టెలు తిన్నాడు, అది చాలదా?" అంది కెజియా. ఆమె మెట్ల దగ్గరికి నడిచింది. "కర్నల్ గారూ, పెద్దవారు, మీరే తేల్చండి. మా ఆయన పోయినట్టయితే, పోయినవాడి పేరున కట్టాల్సిందేనన్న వంతెన మీరు కట్టాలి. బతికున్నట్టయితే మీ మొదటి ఓటు ఆయనది. ఏది ఖాయం చేస్తారు?"

అక్కడ ఓటంటే నోటి మాటే. షరీఫు పిలవాలి, ఓటరు ఊరంతా వినేట్టు పేరు చెప్పాలి. షరీఫు కర్నల్‌ని పిలిచాడు. కర్నల్ రేవులో తన పడవ వైపు ఒకసారి చూశాడు.

"ఎనాక్ ప్రూయిట్," అన్నాడు.

"వినపళ్ళేదు సార్," అన్నాడు వెనకనుంచి పడవవాడు.

కర్నల్ ఈసారి గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత వచ్చినవాడల్లా "కర్నల్ గారెటో నేనూ అటే" అన్నాడు. సాయంత్రానికి ఎనాక్ గెలిచాడు. ఆ జిల్లాలో అంతకుముందు ఎవరూ అంత తేడాతో గెలవలేదు. భుజాల మీదికెత్తి ఊరేగించి, ఉపన్యాసం చెప్పమన్నారు.

"వంతెన కావాలి," అన్నాడు ఎనాక్. ఊరంతా టోపీలు గాల్లోకి విసిరింది. ఈసారి కెజియా మాటలు లెక్కపెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎనాక్ బకెట్టుతో నీళ్ళు మోసుకుని ఫిలో పెరటికి వెళ్ళాడు. ఫిలో ఉలి పట్టుకుని ఎదురొచ్చాడు.

"బావా, తప్పు నాదే. మీ చిన్నాన్న రాయి మీద ఏడు వేసేశాను. నీ రాయి మీది ఏడు ఇప్పుడే చెరిపేస్తా."

ఎనాక్ రాయిని శుభ్రంగా కడిగాడు. తుడిచాడు. ఇంకొంచెం వీధివైపుకి జరిపాడు.

"ఉండనీ," అన్నాడు. "రెండేళ్ళకి మళ్ళీ ఎన్నికలున్నాయి."